గంజి ఆరేలోపల

ఎమ్మిగనూరు చేనేత సంఘం హాల్లో ఆ పెద్ద ఫోటోను గోడకు బిగించింది అశోకే. ఆదోనిలో స్టూడియో పెట్టుకున్నోడు, ఫోటో తీసేసి ప్రింటు చేతికిస్తే సరిపోయేది. కానీ ఇంత పెద్దది ఎప్పుడూ చేయలేదు. ఇంకొకరు ముట్టుకుంటే ముడత పడుతుందని భయం. ప్రింటు చుట్టను భుజాన వేసుకొని బస్సులో తెచ్చి, తానే నిచ్చెన ఎక్కి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మేకులు కొట్టినాడు. కొట్టేటప్పుడు మొగం గోడకే ఆనుకొని ఉంటుంది కదా, బొమ్మలో ఏముందో నిదానంగా చూసింది లేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున, వీధి నడుమ ఉండే మిద్దె ఎక్కి తీసిన ఫోటో అది. ఒకటి కాదు, కెమెరాను ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెం తిప్పుతూ తీసిన చాలా ఫోటోలు. వాటిని కంప్యూటర్‌లో పక్కపక్కన పేర్చి, అతుకు తెలీకుండా కలిపితే ఒకటే వీధి అయింది. వీధి నిండా గంజి పెట్టేకి చాపిన పడుగు, ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లటి దారాల బాట. వాకిళ్లలో, అరుగుల మీద జనం.

చేనేత దినోత్సవం కాబట్టి హాలు నిండిపోయింది. ఎవరి మొగం వాళ్లు వెతుక్కుంటున్నారు.

"నా నోట్లో యాపపుల్ల సూడండ్రా!" అని సంఘం పెద్ద బసవన్న పొట్ట పట్టుకొని నవ్వినాడు. "ఈ అశోక్ గాడు మిద్దె మీద నుంచి 'ఎవరున్న సోట వాళ్లుండండి, కదలద్దండి' అని పోలీసోని మాదిరి అరిసె. పుల్ల తీద్దామంటే భయం, నమలాలంటే భయం."

"ఉమ్మేసేకి కూడా లేకపాయె!" అని ఎవరో అందుకున్నారు.

"కదిలితే దయ్యాల మాదిరి పడతారన్నా ఫోటోలో. అందుకే అరిచినా" అన్నాడు అశోక్. అందరూ ఇంకా నవ్వినారు.

అంబమ్మ మాత్రం నేరుగా ఎడమ కొసకు పోయింది. ఆమె మొగుడు గిడ్డయ్య ఆ ఫోటో తీసిన నెలకే, మగ్గం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు. ఫోటో అంటే మొగం తిప్పుకునే మనిషి. ఇంట్లో సరైన ఫోటో ఒకటి లేదు. ఇదిగో, ఇక్కడ ఉన్నాడు. తెల్ల బనియను, మోకాళ్ల పైకి కట్టిన పంచె, గంజి కుంచెను పడుగు మీదికి ఎత్తిన చెయ్యి. అంబమ్మ ఆ చేతిని కొనవేలితో ముట్టుకుంది.

"ఉండాడు" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. కళ్లు తుడుచుకుంది. అశోక్‌కు సంతోషమయింది. పడిన తిప్పలన్నిటికీ ఇది చాలు అనుకున్నాడు.

అంతలో కుడి కొస నుంచి ఎవరో ఆడమనిషి "ఓయమ్మా" అంది. "ఈడ కూడా ఉండాడే!"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయినాయి.

ఆ వీధి కుడి కొసకు పోతే దారి లేదు. అడ్డంగా కృష్ణప్ప ఇల్లు. కృష్ణప్ప అంటే గిడ్డయ్యకు సొంత తమ్ముడు. ఆ ఇంటి నల్లటి వాకిలి ముందర, పలుచగా, వెనకున్న చెక్కలు కూడా కనపడేంత పలుచగా, గిడ్డయ్య నిలబడి ఉన్నాడు. అదే బనియను, అదే పంచె. చేతిలో కుంచె మాత్రం వాకిలి నలుపులో కలిసిపోయింది. ఎత్తిన పిడికిలి సరిగ్గా వాకిలి మీదికి వచ్చింది. చూసినోళ్లెవరైనా ఒకటే అంటారు. వాకిలి తడుతున్నాడు.

అన్నదమ్ములకు మాటల్లేవని వీధిలో తెలియనోళ్లు లేరు. కృష్ణప్ప నేత మానేసి, నాయన కూర్చున్న మగ్గం గుంతను పూడ్చి పైన సిమెంటు వేసిన రోజు గిడ్డయ్య వీధిలో నిలబడి, నీ గడప తొక్కనన్నాడు. నీ చావుకు కూడా రాను పో అని తమ్ముడన్నాడు. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు.

"సచ్చేముందు ఆత్మ తిరుగుతాదంట" అని వెనక ఎవరో గొణిగినారు. "తమ్ముని కాడికి పోయింటాది పాపం."

"గమ్మునుండండప్పా" అన్నాడు బసవన్న. కానీ ఆయన గొంతులో కూడా నవ్వు పోయింది.

అంబమ్మ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు అశోక్ వైపు తిరిగింది.

"తీసెయ్" అంది.

"అమ్మా, ఇది ఎట్ల పడిందో నాకే..."

"ఎట్ల పడితే నాకేంటికి? నా మొగుడు ఆ గడప తొక్కనన్నాడు, తొక్కలే. సచ్చినంక మాట తప్పినోన్ని సేస్తావా? నాయన గుంతలో తట్టలు తట్టలు మన్ను పోసినాడే ఆ క్రిష్ణప్ప, అన్న గుంతలో పిడికెడు ఏసేకి రాలే. అట్లాంటోని వాకిలి కాడ నిలబెడతావా నా మొగున్ని, అడుక్కునేటోని మాదిరి?"

అశోక్ నిచ్చెన పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు. వాళ్ల మధ్య తాను చేయని తప్పేదో తన చేతిలోంచి జారిపడినట్టు అనిపించింది.

మరుసటి రోజు స్టూడియో షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. పైపంచె మెడకు చుట్టుకొని, చెప్పులు విడిచి పక్కన జతగా పెట్టుకున్నాడు. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చినాడంట.

"నేను క్రిష్ణప్పనప్పా. గిడ్డయ్య తమ్మున్ని."

అశోక్ కుర్చీ వేసినాడు. ఆయన కూర్చోలేదు. గోడకున్న పెళ్లి ఫోటోలన్నీ ఒకసారి చూసి, మెల్లగా అడిగినాడు.

"రాత్రి హాలు బీగం తీయించుకొని సూసొచ్చినా. అది మా అన్నేనా?"

"ఆయనే అన్నా. కానీ ఆయన అక్కడ లేడు. ఆ కొసన ఉన్నాడు. కంప్యూటర్‌లో కలిపేటప్పుడు ఏదో ఖరాబై ఈ కొసకు కూడా పడినాడు."

"కంప్యూటర్ ఖరాబయితే పడాల్సినోడు యాడన్నా పడొచ్చు గదప్పా. వీధిలో అన్ని ఇండ్లుండాయి. బసవన్న ఇల్లు లేదా? రచ్చకట్ట లేదా? నా వాకిలి కాడికే యట్ల వచ్చినాడు? నీ కంప్యూటర్‌కు నా వాకిలి ఎట్ల తెలుసు?"

అశోక్‌కూ అది తెలియదు మరి.

"నేను వాకిలి ఏసుకొని పండుకునేటోన్నప్పా" అన్నాడు కృష్ణప్ప. "పగలు కూడా ఏసుకుంటా. పడుగు ఏసినప్పుడు కుంచె సప్పుడు ఇనపడకుండా ఏసుకుంటా. తట్టింటాడు. నాకు ఇనపడింటాది. గాలి అనుకొనింటా." పైపంచె కొసతో నోరు మూసుకున్నాడు. "వదిన తీసెయ్యమందంట. తీయొద్దప్పా. నీ కాళ్లు పట్టుకుంటా. సచ్చిపోయే ముందు మా అన్న నా ఇంటికి వచ్చినాడంటే... అది నాకు సాలు. అది తీసేస్తే నాకు ఇంగేం లేదు."

నిజంగానే కాళ్ల మీదికి వంగబోతుంటే అశోక్ రెండు భుజాలు పట్టుకొని లేపినాడు. ఎముకలు తప్ప ఏమీ చేతికి తగల్లేదు. టీ తెప్పించినాడు. ఆయన గ్లాసు పట్టుకున్నాడే కానీ తాగలేదు. పోయేటప్పుడు మెట్ల మీద వెనక్కి తిరిగి, "నిజంగా వచ్చినాడేమో ఒక తూరి బాగా సూడప్పా" అన్నాడు.

ఆయన పోయినాక బసవన్న ఫోన్. "అశోకా, ఏం జేస్తావో సెయ్యి. రేపు కాకుంటే ఎల్లుండి, సక్కంగా ఉండే ఫోటో గోడ మీద ఉండాల. ఆడోళ్లు హాల్లోకి అడుగు పెట్టేకి భయపడతాండారు. ఒకామె అయితే నిమ్మకాయలు కట్టమంటాది."

అశోక్ ఆ రోజు మంత్రాలయం లాడ్జీల పని ఎగ్గొట్టినాడు. అతని అన్నం ఆ లాడ్జీల మీదే. గది నడుమ నిలబడి చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, చివరిదాన్ని తెచ్చి మొదటిదానికి కలిపేస్తాడు. భక్తులు ఊర్లోనే ఉండి ఫోన్లో వేలితో తోసి, మంచం, కిటికీ, నల్లా, మళ్లీ మంచం చూసుకుంటారు. అక్కడ కుడి అంచు వచ్చి ఎడమ అంచును తాకాల్సిందే. వీధి అట్లాంటిది కాదు. ఒక కొసన మొదలై ఇంకో కొసన ఆగిపోతుంది. అందుకే ఈసారి అంచులు కలపొద్దని ప్రోగ్రాముకు ముందే చెప్పి పెట్టినాడు. ఆ టిక్కు గుర్తు ఇప్పటికీ పెట్టినచోటే ఉంది.

మళ్లీ మొదటి నుంచి కలిపినాడు. చిన్న సైజులో. కుడి కొసన కృష్ణప్ప వాకిలి, దాని ముందర గిడ్డయ్య లేడు. అమ్మయ్య అనుకున్నాడు. అప్పట్లో కూడా చూసుకుంది ఈ చిన్నదాన్నే. గోడ సైజుకు పెట్టినాడు. మిషను ఫ్యాను హోరుమని, ఎంతోసేపు మూలిగి, బొమ్మను ఇచ్చింది. గిడ్డయ్య వచ్చి నిలబడి ఉన్నాడు.

కొంచెం తగ్గించినాడు, లేడు. పెంచినాడు, ఉన్నాడు. మిషను ఆర్పి వెలిగించి చేసినాడు, ఉన్నాడు. పట్టపగలే, బయట మార్కెట్ యార్డుకు పోయే లారీలు హారన్లు కొడుతుంటే అశోక్‌కు వెన్నులో చలి పుట్టింది. సైజు పెద్దదయిన ప్రతి తూరీ ఆ ముసలోడు పడుగు పక్కన కుంచె పట్టుకొని, వీధంతా దాటి, తమ్ముని వాకిలి కాడికి వచ్చి చెయ్యెత్తుతున్నాడు.

విషయం మెల్లగా తెలిసొచ్చింది. బొమ్మ ఒక హద్దు దాటి పెద్దదయితే ప్రోగ్రాము ఒకేసారి పట్టలేక ముక్కలుగా కోసుకొని కలుపుతోంది. ఆ కోతలో, అంచులు కలపొద్దన్న మాట మరిచిపోతోంది. ఎడమ కొస అంచును తెచ్చి కుడి కొస మీద పలుచగా పరుస్తోంది, లాడ్జీ గదికి చేసినట్టే. ఎడమ అంచున ఎవరుంటే వాళ్లే కుడి అంచున తేలుతారు. గిడ్డయ్య కాకుండా బర్రె ఉండింటే బర్రె వచ్చేది. అంతే. ఇందులో ఆత్మ లేదు, రావడం లేదు, తట్టడం లేదు.

తెలిసినందుకు సంతోషపడాలి. కానీ 'ఒక తూరి బాగా సూడప్పా' అన్న ముసలాయన మొగం కళ్లలోంచి పోలేదు. ఏం చెప్పాల? మీ అన్న రాలేదు, మిషను మాట మరిచింది అనా?

సరిచేసేకి ముందు, కుడి కొస ఫోటోను ఒక్కదాన్నే, ఎవరూ పైన పడకముందు ఎట్లుందో అట్ల తెరిచినాడు. తెరిచి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

వాకిలి మూసి లేదు. సగం తెరిచి ఉంది. సందులో ఒక మనిషి. చిన్న బొమ్మలో ఆనవాలు తెలియనంత చిన్నగా ఉన్నాడు, పెద్ద బొమ్మలో గిడ్డయ్య నీడ సరిగ్గా ఆ మనిషి మీద పడి, మనిషిని తినేసింది. ఒక చెయ్యి వాకిలి చెక్క మీద. ఒక కాలు గడప లోపల. ఇంకో కాలు బయట మట్టిలో. చూపు మొత్తం వీధి ఆ కొసకు, పడుగు వెంబడి.

కృష్ణప్ప.

కొసల దగ్గర అశోక్ రెండు మూడు తూర్లు తీస్తాడు, ఒకటి చెడిపోయినా ఇంకొకటి ఉంటుందని. తరువాత తీసిన దాంట్లో కృష్ణప్ప తల పైకెత్తి, నేరుగా మిద్దె మీది కెమెరా వైపు చూస్తున్నాడు. దాని తరువాతి దాంట్లో వాకిలి మూసి ఉంది.

మరుసటి పొద్దున అశోక్ ఎమ్మిగనూరు పోయేసరికి కృష్ణప్ప ఇంటి వాకిలి బార్లా తెరిచి ఉంది. గడప మీద పసుపు ఆరలేదు. పక్కన చెంబు నిండా నీళ్లు, కాళ్లు కడుక్కునేకి. లోపల గచ్చు నడుమ, నలుచదరంగా వేరే రంగు సిమెంటు. మగ్గం గుంత ఉండిన చోటు అదే అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. ఇంట్లో ఎవరూ దాని మీద మంచం వేయలేదు, మూట పెట్టలేదు.

"వానొచ్చినా మూయడం లేదప్పా" అన్నాడు కృష్ణప్ప. "మళ్లా వస్తే?"

అశోక్ కవర్లోంచి ఫోటో తీసి ఇచ్చినాడు.

కృష్ణప్ప వెలుతురులోకి వచ్చి, చెయ్యి చాపి దూరంగా పట్టుకొని చూసినాడు.

"ఇది నేను."

"అవునన్నా."

"మా అన్న లేడే."

"లేడన్నా. ఆయన ఆ కొసనే ఉన్నాడు. ఇక్కడికి రాలేదు. మిషను తప్పు. నేను పది రకాలుగా చేసి చూసినా."

ముసలాయన తల ఊపినాడు. ఏడుస్తాడేమో అనుకున్నాడు అశోక్. ఏడవలేదు. గడప మీద కూర్చున్నాడు, చెంబు పక్కన.

"ఆ పొద్దు ఎదురు కుంచె పట్టేటోడు రాలే" అన్నాడు. "పడుగుకు గంజి పెట్టేది ఒక్కని పనా? ఇటొకడు, అటొకడు, ఎదురుబొదురుగా నడవాల. నేనూ వాడూ అట్లే నడిసినాము సిన్నప్పటి నుంచి. వాకిలి ఎనకాల ఉండి ఇంటాండినా. ఒంటి కుంచె సప్పుడు తెలిసిపోతాదప్పా. సర్రుమని పోయి ఆగిపోతాది, ఎదురు సప్పుడు రాదు. ముసలోడు ఇటు పక్క కొంచేపు, దుంకి అటు పక్క కొంచేపు, ఒగరుస్తాండాడు. గంజి ఆరిపోతాది ఆరిపోతాది అని గొణుక్కుంటాండాడు. ఆరిపోతే దారాలన్నీ ఒకదానికొకటి అంటుకొని పడుగు పాడైపోతాది. నాకు నిలవలేకపోయింది. వాకిలి తీసినా. కాలు కింద పెట్టినా."

పక్కనున్న చెంబును కొంచెం జరిపినాడు.

"అప్పుడు పైనుంచి నువ్వు అరిసినావు."

తానేం అరిచినాడో అశోక్ అడగాల్సిన పనిలేదు.

"ఎవరున్న సోట వాళ్లుండండి, కదలద్దండి అని" అన్నాడు కృష్ణప్ప నెమ్మదిగా. "వీధంతా నిలబడిపాయె. వాడు ఎత్తిన కుంచె ఎత్తినట్టే. నేనూ నిలబడినా. నిలబడితే ఆలోచన వచ్చె. ఆలోచన వస్తే సిగ్గు వచ్చె. ఇంతమంది సూస్తాంటే ఏం మొగం పెట్టుకొని పోయేది అనిపించె. లోపలికి పోయి వాకిలి ఏసుకున్యా."

"అన్నా..."

"నీదేముందప్పా. నీ పని నువ్వు సేసినావు. నువ్వు అరిసి ఊరుకున్నావు, మళ్లా ఎవరూ అరవలే. కదిలేకి ఆ పొద్దంతా ఉండె. నెల దినాలు ఉండె. వాడు పోయిన రోజు ఉండె. నేనే కదల్లే."

అశోక్ ఆ మాటకు ఊరట పడలేకపోయినాడు. మిద్దె మీద తన గొంతు తనకే వినపడుతోంది, ఎంత దర్జాగా, ఎంత చనువుగా అరిచినాడో. మెల్లగా అన్నాడు, "పెద్ద ఫోటో మార్చనులే అన్నా. బసవన్నకు నేను సర్ది చెప్పుకుంటా. మీ అన్న అట్లే ఉండనీ, మీ వాకిలి కాడ."

కృష్ణప్ప చేతిలోని ఫోటోలో మట్టిలో పెట్టిన తన పాదాన్నే చూస్తున్నాడు.

"వద్దప్పా" అన్నాడు చివరకు. "రానోన్ని వచ్చినాడని అబద్ధం సెప్పుకొని పండుకుంటే నిద్ర పడతాదా? మా అన్నను వాని సోటికి పంపియ్యి. పాపం, ముసలోన్ని ఎంత దూరం నడిపించినావు."

లేచి, చెంబులోని నీళ్లు వాకిట్లో పారబోసినాడు.

కొత్త ఫోటోను అశోక్ రెండు సగాలుగా ప్రింటు వేసి తెచ్చినాడు. అంత సైజుకు ఒకేసారి ఆ మిషనును నమ్మే ధైర్యం పోయింది. నడుమ ఒక అతుకు సన్నగా కనపడుతోంది. ఉండనీలే అనుకున్నాడు.

బిగించేటప్పుడు హాల్లో బసవన్న, అంబమ్మ, ఇద్దరు ముగ్గురు నేతగాళ్లు. అంబమ్మ ముందు ఎడమ కొసకు పోయి మొగుడు ఉన్నాడా అని చూసుకుంది. అక్కడి నుంచి అన్ని మొగాలూ దాటుకుంటూ కుడి కొసకు వచ్చింది. నల్లటి వాకిలి ముందర ఇప్పుడు నీడ లేదు. సందులో మనిషి ఉన్నాడు.

ఆమె వంగి చూసింది. కళ్లు చికిలించి ఇంకా దగ్గరగా చూసింది.

"కాలు కింద పెట్టినాడే" అంది.

"ఎదురు కుంచె పట్టేకి వస్తాండినాడంటమ్మా" అన్నాడు అశోక్. "నేను కదలద్దని అరిచినానంట."

అంబమ్మ అశోక్ వైపు చూడలేదు. తిట్టలేదు కూడా. తిట్టింటే బాగుండేది. ఆమె మళ్లీ ఎడమ కొసను చూసింది, మళ్లీ కుడి కొసను. నడుమ ఉన్నదంతా పడుగే. ఆ కొసన ఎత్తిన కుంచెతో ఒకడు, ఈ కొసన దించిన కాలుతో ఒకడు. ఇంకెప్పటికీ అంతే. పలుచటి దయ్యం ఉన్నప్పుడు కూడా ఆ హాలు ఇంత భయంగా లేదనిపించింది అశోక్‌కు.

హాలు గడప దగ్గర చప్పుడయింది. కృష్ణప్ప. చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలీక, చెక్క మీద ఒక చెయ్యి వేసి నిలబడినాడు. ఫోటోలో ఎట్లున్నాడో అట్లే.

ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన వచ్చినాడు. నేరుగా ఫోటో కుడి కొసకు పోయి, తన వాకిలి దగ్గర అరచెయ్యి ఆనించినాడు. చేతిని పడుగు మీదికి జరిపినాడు. ఒక అడుగు వేసినాడు. చెయ్యి దారాల వెంబడి జరిగింది, సర్రుమని, గంజి కుంచె జరిగినట్టే. ఇంకో అడుగు. బసవన్న ఇల్లు దాటినాడు. యాపపుల్ల దాటినాడు.

"అశోకా, ఒక ఫోటో తియ్యప్పా" అన్నాడు బసవన్న గుసగుసగా.

అశోక్ ఫోన్ ఎత్తినాడు. అలవాటు కొద్దీ ఒక మాట నాలుక మీదికి వచ్చేసింది. పళ్లు బిగబట్టి దాన్ని మింగి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నడుమ అతుకు దగ్గరికి వచ్చేసరికి కృష్ణప్ప ఆగిపోయినాడు. చెయ్యి ముందుకు పోలేదు. భుజాలు కదులుతున్నాయి. ఎడమ కొసన అన్న కుంచె ఎత్తి పట్టుకొని ఉన్నాడు, ఇంకా సగం వీధి దూరాన.

అంబమ్మ అప్పటికే ఎడమ కొసకు పోయి మొగుని బొమ్మ పక్కన, గోడకు ఆనుకొని నిలబడి ఉంది. మరిదితో ఆమె మాట్లాడి ఎన్నేళ్లయిందో వీధిలో ఎవరికీ గుర్తు లేదు.

"నిలబడద్దు క్రిష్ణప్పా" అంది. "గంజి ఆరిపోతాది. రా."